గుండీ నొక్కితే ఉరికే ముల్లు

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు పాత ఇళ్లలో గోడమీద ఒక రకం ఫొటో కనబడుతుంది. స్టూడియోలో దిగింది. వెనక తెరమీద గీసిన తోటో, మేడమెట్లో. ముందు బెల్‌బాటమ్ ప్యాంటు, పెద్ద కాలరు అంగీ వేసుకున్న పాతికేళ్ల మనిషి. కుడిచేతి అంగీ మణికట్టు దాకా దింపే ఉంటుంది. ఎడమచేతిది మాత్రం మోచేతి దాకా మడిచి, ఆ చెయ్యి కుర్చీ వీపుమీదనో, పక్కనున్న టేప్ రికార్డర్ మీదనో పెట్టి ఉంటుంది. ఎక్కడ పెట్టినా గడియారం మొహం కెమెరా వైపే. దుబాయి పోయి వచ్చినోడి ఫొటో అని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ గల్ఫ్ మొత్తం దుబాయే. మస్కట్ పోయినా, బహ్రెయిన్ పోయినా, సౌదీలో ఒంటెలు కాసినా 'దుబాయి పోయిండు' అనే అంటారు. 1973లో చమురు ధరలు పెరిగాక అక్కడ కట్టడాలు ఊపందుకున్నాయి. ఇక్కడేమో బావులు అడుగంటుతున్నాయి. దానికితోడు 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. వయసులో ఉన్న మగపిల్లవాడు ఊళ్లో కనబడటమే ఇంట్లోవాళ్లకు గుబులైన రోజులవి. కొందరు భీవండి, సూరత్ సాంచాల (మరమగ్గాల) మీదికి పోయారు. కొందరు బొంబాయి దాకా పోయి, ఏజెంటు చేతిలో పైసలు పోసి, సముద్రం దాటారు. తిరిగి వచ్చినప్పుడు సూట్‌కేసులో టూ-ఇన్-వన్, టైగర్ బామ్, ఫారిన్ సెంటు, ఆడవాళ్లకు మెరుపు చీరలు. చేతికి సీకో. అది కాకుంటే సిటిజన్. కొంచెం గట్టిగా సంపాదించినవాళ్లకు రాడో.

ఆ సీకోల్లో ఎక్కువ సీకో ఫైవ్‌లే. గట్టి సరుకు, ఇప్పటికీ నడిచేవి ఎన్నో. కానీ ఎక్కడో ఒకచోట వేరే రకం ఒకటి తగులుతుంది. కేసు పక్కన రెండు గుండీలు, డయలు లోపల ఇంకో చిన్న డయలు, పసుపో నీలమో కళ్లకు కొట్టే రంగు. క్రోనోగ్రాఫ్. గడియారమూ స్టాప్‌వాచూ ఒకే కేసులో. తంగళ్ళపల్లిలో అలాంటిది ఒకటి ఇప్పుడు నా చేతికి ఉంది. నాది కాదు, మా మేనమామది. ఈ కథనం చాలామట్టుకు దాని గురించే.

పసుపుదే ఇయ్యుమన్న

వెనక మూతమీద 6139-6002 అని మోడల్ నంబరు. ఉక్కు కేసు, చేతిమీద బరువు తెలుస్తుంది. డయలు అచ్చ పసుపు కాదు, బంగారు ఛాయ కలిసిన పసుపు. నడిమి నుంచి అంచుకు కంటికి ఆనీ ఆనని గీతలు ఉండటంతో చెయ్యి తిప్పితే వెలుగు డయలు చుట్టూ తిరిగి వస్తుంది. బయటి పట్టీ ఎరుపూ నీలమూ, దానిమీద వేగం లెక్కగట్టే అంకెలు. అద్దం లోపల ఇంకో పట్టీ ఉంది, చాబీ తిప్పితే అది తిరుగుతుంది. ఆరు దగ్గర 30 నిమిషాల చిన్న డయలు. మూడు దగ్గర తేదీ, వారం. వారం పేరు అరబ్బీలో పడుతుంది.

"అరబ్బీ ఎందుకు పెట్టుకున్నవ్ మామా? చాబీ లోపలికి నొక్కితే ఇంగ్లీషు వస్తది గదా."

"ఇంగ్లీషు మాత్రం నాకొచ్చి సచ్చిందా అల్లుడా? రెండూ రానప్పుడు ఏదైతేంది. జుమ్మా ఒక్కటి గుర్తువట్టొస్తే చాలు. ఆ దినం పనుండది."

మూతమీద మోడల్ నంబరుతో పాటు ఆరంకెల నంబరు ఇంకొకటి ఉంటుంది. ఆ కాలపు సీకోల్లో దాని మొదటి అంకె తయారైన ఏడాదిలో చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకు అంకెకు బదులు ఓ, ఎన్, డి అనే ఇంగ్లీషు అక్షరాలు. మామ వాచీ నంబరు 78తో మొదలవుతుంది. ఈ మోడల్ 1969లో పుట్టింది, 1980ల్లో తయారీయే లేదు. కాబట్టి 1977 ఆగస్టు. మామ దుబాయి పోయింది 1979లో. అంటే దేరాలో నాసర్ స్క్వేర్ దగ్గరి దుకాణంలో ఇది రెండేళ్ల దాకా ఎవరి చేతికీ ఎక్కకుండా అద్దాల పెట్టెలో ఎదురుచూసింది. ఎందుకు ఎక్కలేదో మామ మాటల్లోనే తెలుస్తుంది. "సేటు నల్లది దీసిండు, తెల్లది దీసిండు. అందరు గవే కొంటరన్నడు. నేను పసుపుదే ఇయ్యుమన్న. రెండు నెలల ఓవర్‌టైమ్ దాంట్లనే పాయె. రూముకు పోతే అందరు నవ్విన్రు."

సెంట్రింగ్ పనిచేసే మనిషి. అంతకుముందు సాంచె నడిపినవాడు. సాంచాల షెడ్డులో రంగు ఎంత అరుదో బయటివాళ్లకు తెలియదు. బతుకమ్మ చీరల ఆర్డర్లు 2017లో వచ్చి రంగురంగుల నూలు దిగేదాకా సిరిసిల్ల సాంచాల మీద దశాబ్దాల పాటు ఎక్కువగా నడిచింది తెల్లగుడ్డ. దానికి రంగు ఎక్కేది వేరేచోట. పొద్దుటి షిఫ్టు తెలుపు, రాత్రి షిఫ్టు తెలుపు. నేసే మనిషి ఒంటిమీద బనీను, లుంగీ. రంగులు వచ్చాక కూడా అవి చీరల్లోకే పోయాయి. మన దగ్గర మగవాడు ఒంటిమీద రంగు వేసుకుంటే పదిమంది పది మాటలంటారు, పెండ్లికొడుకును తప్ప. మణికట్టు మీద అంగుళంన్నర జాగా ఒక్కదానికి ఆ కట్టడి లేదు. అక్కడ పసుపు, ఎరుపు, నీలం మూడూ కలిపి పెట్టుకున్నా 'ఫారిన్ వాచి' అని అడిగి మరీ చూస్తారు. రంగుల క్రోనోగ్రాఫుల మీద మోజుకు సంపన్న దేశాల్లో కారు పందేలు, విమానాలు అంటూ ఏవేవో కారణాలు చెబుతారు. మామ పసుపుది అడగడానికి అవేవీ అక్కర్లేకపోయాయి.

మూడు నిమిషాల ఫోను

స్టాప్‌వాచ్ ఎవరికి కావాలి? పరుగుపందెం పెట్టేవాళ్లకు, ప్రయోగశాలలో మాస్టారుకు. మిగిలినవాళ్లకు ఆ రెండు గుండీలూ అలంకారమే అనుకునేవాణ్ని. మామ దాన్ని వాడిన తీరు విన్నాక ఆ మాట అనబుద్ధి కాలేదు.

అప్పట్లో దుబాయి నుంచి ఫోను అంటే నిమిషానికి ఇంత అని గుండె ఝల్లుమనే ధర. తంగళ్ళపల్లిలో ఫోను లేదు. మానేరు అవతల సిరిసిల్లలో గుడ్డల వ్యాపారి దుకాణంలో ఉన్నదే పీపీ నంబరు. ఫోను చేసి ఫలానా ఆమెను పిలవండంటే, మనిషి మానేరు దాటి పోయి ఆమెను తెచ్చేసరికి నెలజీతం కాలిపోతుంది. అందుకని ముందే ఉత్తరం రాసుకునేవాళ్లు: ఫలానా నెల మూడో శుక్రవారం, ఇండియా టైము పదకొండున్నరకు. దుబాయి టైముకు గంటన్నర కలిపితే మన టైము. అత్త పొద్దుగాల పదింటికే పిల్లను సంకనేసుకుని పోయి ఆ దుకాణం అరుగు మీద కూర్చునేది. అక్కడ మామ టెలిఫోను ఆఫీసులో వరుసలో నిలబడి, లైను కలవగానే పైగుండీ నొక్కేవాడు. పెద్ద ముల్లు పరుగు. అది ఒక చుట్టు తిరిగేసరికి కింద చిన్న డయల్లో ముల్లు ఒక గీత జరుగుతుంది. మూడో గీత రాకముందే మాట అయిపోవాలి.

"ఏం మాట్లాడుకునేటోళ్లు మామా?"

"ఏం మాట్లాడుతం. మొదటి నిమిషం మీ అత్త ఏడ్సుడే. రెండో నిమిషంల పైసలు ముట్టినయా, బాకీ ఎంత కట్టిన్రు, ఎడ్లు ఎట్లున్నయ్. మూడో నిమిషం నేను ముల్లు దిక్కే సూసుకుంట ఊ అనుడు."

అసలు సంగతులన్నీ క్యాసెట్లలో పోయేవి. టేప్ రికార్డర్ ముందు కూర్చుని ఇరవైముప్పై నిమిషాలు మాట్లాడి, ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చి పంపడం గల్ఫ్‌లో అందరూ చేసిందే. ఫోను మాత్రం గొంతు వినడానికే. మామ కొడుకు ఇప్పుడు ఖతర్‌లో ఉన్నాడు. రోజూ రాత్రి వీడియోకాల్, పైసా ఖర్చు లేదు. ఆ పిల్లవాడికి గడియారం అంటే అడుగులు లెక్కపెట్టే నల్లటి పలక. పనిలోకి పోయేటప్పుడు కార్డు గీకితే వాడి టైము కంపెనీయే రాసుకుంటుంది.

నాకు ఇక్కడే ఈ రకం గడియారంలోని ఆకర్షణ అంతు చిక్కింది. మామూలు గడియారం మన ఇష్టంతో నడవదు. షిఫ్టు ఎక్కే టైము, దిగే టైము, వీసా గడువు, విమానం టైము, అన్నీ ఎవరో పెట్టినవి. దాన్ని ఆపితే చెడిపోయినట్టు. క్రోనోగ్రాఫ్‌లో మాత్రం ఒక ముల్లు మనం నొక్కినప్పుడు ఉరుకుతుంది, మనం నొక్కినప్పుడు ఆగుతుంది, మళ్లీ నొక్కితే మొదటికి వస్తుంది. లేబర్ క్యాంపులో పడుకునే మనిషికి తనమాట వినే నిమిషాలు అవే.

ఒక్క ఏడాది, మూడు ముక్కలు

సెకన్లను కొలిచే గడియారాలు పాతవే. పారిస్‌లో లూయి మొనే 1816లోనే నక్షత్రాల కదలికను కొలవడానికి ఒకటి చేసుకున్నాడు. 1821లో నికొలా రియుసెక్ గుర్రప్పందేల కోసం డయలు మీద సిరాచుక్క పెట్టే యంత్రం చేశాడు. ఆ తర్వాత చేతి గడియారంలోకి దిగిన క్రోనోగ్రాఫులు చాలాకాలం కీ ఇచ్చుకునేవే. చెయ్యి కదిలితే తనంతట తనే కీ ఎక్కే ఆటోమేటిక్‌లో స్టాప్‌వాచ్‌ను ఇరికించడం తేలిక్కాదు. కీ ఎక్కించే బరువుపలకా, స్టాప్‌వాచ్ పళ్లచక్రాలూ ఒకే జాగా కోసం కొట్లాడతాయి.

1969లో ముగ్గురు దాన్ని సాధించారు. జనవరి 10న స్విట్జర్లాండ్‌లో జెనిత్ కంపెనీ తన ఎల్ ప్రిమెరోను విలేకరులకు చూపింది. మార్చి 3న హోయర్, బ్రైట్‌లింగ్, హామిల్టన్-బ్యూరెన్ కలిసి చేసింది బయటపెట్టారు. మే నెలలో జపాన్‌లో సీకో పెద్ద ఆర్భాటం లేకుండా 6139ను అమ్మకానికి పెట్టింది. ఎవరు మొదట అన్న పంచాయితీ ఈరోజుకీ తెగలేదు. నన్నడిగితే, విలేకరుల ముందు పెట్టినవాడి కన్నా దుకాణంలో పెట్టినవాడే ముందు.

సీకో ముక్కలో ఇంకో తెలివి ఉంది. పాత పద్ధతిలో గుండీ నొక్కితే తిరుగుతున్న పళ్లచక్రం పక్కకు జరిగి ఇంకో పళ్లచక్రానికి తగులుకునేది. పన్ను పన్నుకు కుదరక ముల్లు మొదట్లో ఒక కుదుపు కుదిపేది. సీకోవాళ్లు పక్కనుంచి కాక పైనుంచి కిందికి అదుముకునే క్లచ్ పెట్టారు. సాంచె పట్టినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది: మోటారు తిరుగుతూనే ఉంటుంది, హ్యాండిల్ లాగితే బెల్టు ఊరికే తిరిగే పుల్లీ నుంచి పనిచేసే పుల్లీ మీదికి ఎక్కుతుంది, సాంచె కదులుతుంది. మామ వాచీలో గుండీ నొక్కి చూడండి. ముల్లు ఉలికిపడదు, అక్కడినుంచే జారినట్టు బయల్దేరుతుంది.

దీనికి అంతరిక్షం దాకా పేరు వచ్చింది. అమెరికా వ్యోమగామి విలియం పోగ్ శిక్షణలో అలవాటైన తన సొంత పసుపు సీకోను 1973 నవంబరు 16న స్కైలాబ్‌కు పోతూ సూటు జేబులో వేసుకుని పోయాడు. నాసా అధికారికంగా ఇచ్చింది ఒమేగా. 84 రోజులు పైన ఉండి వచ్చాడు. ఆ విధంగా అంతరిక్షంలోకి పోయిన మొదటి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ అయింది ఇది. అందుకే గడియారాలు పోగుచేసేవాళ్లు పసుపు 6139ని 'పోగ్' అనే పిలుస్తారు. ఈ సంగతి చెబితే మామ ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆయనకు గూడ కంపెనీ ఒకటి ఇస్తే, ఈయన తనది పెట్టుకపోయిండన్నమాట" అన్నాడు. అంతరిక్షం కన్నా అదే ఆయనకు నచ్చింది.

రంగు డయళ్ల తలరాత తమాషాగా ఉంటుంది. రోలెక్స్ 1960ల్లో డేటోనా మోడల్‌ను రెండు మూడు రంగుల డయలుతో అమ్మితే కొన్నవాళ్లు తక్కువ. నటుడు పాల్ న్యూమన్‌కు భార్య కొనిచ్చినది అలాంటిదే. అది 2017 అక్టోబరు 26న న్యూయార్క్ వేలంలో కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్లు దాటింది. అప్పుడు ఎవరూ ముట్టని రంగులే ఇప్పుడు ఎక్కువ ధర పలుకుతున్నాయి, ఎందుకంటే అప్పుడు ఎవరూ ముట్టక అవి తక్కువ తయారయ్యాయి. నాసర్ స్క్వేర్‌లో రెండేళ్లు పడి ఉన్న పసుపు వాచీది కూడా ఆ కులమే.

1969 డిసెంబరు 25న సీకోయే క్వార్ట్జ్ గడియారం తెచ్చింది. పళ్లచక్రాల క్రోనోగ్రాఫుకు గొయ్యి తీసింది అదే. జెనిత్‌ను కొనుక్కున్న అమెరికా కంపెనీ 1975లో మెకానికల్ గడియారాలు ఆపేసి పనిముట్లు తుక్కు కింద అమ్మేయమంది. షార్ల్ వెర్మో అనే పనివాడు మాట వినలేదు. అచ్చులు, పనిముట్లు, నకాశాలు ఒక్కొక్కటే అటక మీదికి చేరవేసి, దేనికి ఏది అని చీటీలు రాసి దాచాడు. 1984లో మళ్లీ తయారీ మొదలుపెట్టాలనుకున్నప్పుడు అవే అక్కరకొచ్చాయి. కొన్నేళ్లకు రోలెక్సే తన డేటోనాలో జెనిత్ యంత్రాన్ని వాడుకుంది. యజమాని మాట పెడచెవిన పెట్టిన ఆ కార్మికుడికి నా మట్టుకు నేను దండం పెట్టుకుంటాను.

మనవాళ్లకు ఇవన్నీ ఎందుకు అందలేదంటారా? మన దగ్గరా గడియారాల కంపెనీలు ఉండేవి. హెచ్ఎంటీ వాచీల తయారీ 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైంది. మన హైదరాబాద్ ఆల్విన్, నిజాం కాలంలో 1942లో పుట్టి ఫ్రిజ్‌లు, బస్సుల బాడీలు చేసిన కంపెనీ, 1980ల్లో ఏకంగా సీకోతోనే చేతులు కలిపి గడియారాలు చేసింది. ఆల్విన్ వాచీ కట్టుకున్న టీచర్లు, పట్వారీలు ఈ జిల్లాలో ఎంతమందో. మంచి వాచీలు, కాదనను. కానీ గంటలు, నిమిషాలు, సెకన్లు, మహా అయితే తేదీ, వారం. ఆఫీసుకు టైముకు పోయే మనిషికి సరిపోయే సరుకు. రంగుల స్టాప్‌వాచ్ లాంటి అక్కర్లేని వస్తువు మామూలు మనిషి షోరూములో కొనుక్కునేలా లేదు. దిగుమతుల మీద కట్టడి ఉన్న ఆ రోజుల్లో అది ఇక్కడికి వచ్చింది సెంట్రింగ్ పనివాళ్ల చేతుల మీదుగా.

సిద్దిపేట రోడ్డు మీద పరీక్ష

వాచీ చేతికొచ్చాక దాన్ని ఊరికే ఉంచడం నావల్ల కాలేదు. బయటి పట్టీ మీది అంకెలు వేగం లెక్కకు. కిలోమీటరు రాయి దగ్గర గుండీ నొక్కి, తర్వాతి రాయి దగ్గర మళ్లీ నొక్కితే ముల్లు ఏ అంకె దగ్గర ఆగిందో గంటకు అన్ని కిలోమీటర్లు. 45 సెకన్లు పడితే 80. సరిగ్గా నిమిషం పడితే 60. అంతకన్నా నెమ్మదైతే పట్టీ మీద అంకే లేదు, ముల్లు రెండో చుట్టులోకి పోతుంది. తంగళ్ళపల్లి నుంచి సిద్దిపేట రోడ్డు మీద నా బండి వేగం, మధ్యలో గొర్లమందలు కలుపుకుని, జపాన్ వాళ్ల లెక్కలోకి రాదని తేలింది. మా తమ్ముడి కారులో పోయినప్పుడు 80 దగ్గర ఆగింది. కారు మీటరు 83 చూపిస్తోంది. వాడు మీటరే నిజమన్నాడు. నేను సీకోనే అన్నాను. రాళ్ల మధ్య దూరం సరిగ్గా కిలోమీటరేనా అని ఇద్దరం ఆర్ అండ్ బీ వాళ్లను అనుమానించి సర్దుకున్నాం.

ఆ పట్టీ వేగానికే కాదు. ఒక పని 30 సెకన్లలో అయితే ముల్లు 120 దగ్గర ఉంటుంది, గంటకు 120 సార్లు చేయొచ్చని. సాంచె మీద కండె మార్చడం కొలిచి చూశాను. నడిపే మనిషి నావైపు అదోలా చూశాడు. గడియారం పట్టుకుని తన పని పక్కన నిలబడేవాడు ఎవరైనా మంచికి రాడని ఆయన అనుభవం. గుండీ వదిలేసి చాయ్ తాగుదామన్నాను.

ఈ పరీక్షల్లో ఒకటి బయటపడింది. రెండో గుండీ నొక్కితే ముల్లు పన్నెండు మీదికి రావాలి. ఇది ఒక సెకను ముందు నిలబడుతోంది.

చాచా డబ్బా

సిరిసిల్ల బజారులో ఒక చాచా డబ్బా ఉంది. గాజుపలక కింద స్టీలు చైన్లు, ప్లాస్టిక్ బెల్టులు, గోడ గడియారాల మిషన్లు. యాభై ఏళ్లకు దగ్గరగా ఇదే పని. ఇప్పుడైతే "సెల్లు మార్చుడు, బెల్టు ఏసుడు, గంతే బేటా" అంటాడు. పసుపు డయలు చూసి మాట ఆపేశాడు. మూతి తుడుచుకుని, భూతద్దం కంట్లో ఇరికించుకుని, ముందు వారం పేరు చదివాడు. "అస్‌సబ్త్. శనివారం. సరిగ్గనే ఉంది." మామ ఇన్నేళ్లూ జుమ్మా ఒక్కటే గుర్తుపట్టాడు. మిగతా ఆరూ చాచా చాబీ నొక్కుతూ వరుసగా చదివి వినిపించాడు.

మూత తీశాక నాకూ భూతద్దం ఇచ్చాడు. బరువుపలక పక్కకు తిరిగితే దాని కింద నిలువు స్తంభాలున్న బుల్లి చక్రం. పైగుండీ నొక్కిన ప్రతిసారీ అది ఒక్క మెట్టు తిరుగుతుంది. స్తంభం మీదికి మీట ఎక్కితే ముల్లు పరుగు, స్తంభాల సందులో పడితే ఆగుడు. సున్నాకు తెచ్చేది ఇంకో ఏర్పాటు. గుండె ఆకారంలో ఉన్న పలక మీద సుత్తిలాంటి మీట వచ్చి కొడుతుంది. ఆ ఆకారం ఎటునుంచి కొట్టినా తిరిగి తిరిగి తన పల్లం దగ్గరే ఆగుతుంది. ముల్లు ఎక్కడున్నా పన్నెండుకు వచ్చి చేరడం అందువల్లే. మామ వాచీలో పలక బాగానే ఉంది. ఎప్పుడో ఎవరో ముల్లు ఊడదీసి మళ్లీ పెట్టేటప్పుడు వెంట్రుకవాసి తప్పించారు. చాచా దాన్ని తీసి కూర్చోబెట్టాడు. చెప్పినంత తేలిగ్గా కాదు, చాయ్ చల్లారిపోయింది.

తర్వాత గుండీ సందులోంచి చిమటాతో ఏదో లాగి తెల్లకాగితం మీద పెట్టాడు. అంగుళంలో నాలుగో వంతు లేదు. నూలుపోగు.

"గిది సాంచెల దుమ్ము. సిరిసిల్లల ఏ గడియారం ఇప్పినా ఇది ఎల్తది. ఇది లేకుంటే నా పిల్లల సదువు లేదు."

నూనె గడ్డకట్టిందని, సర్వీసింగ్ చేయాలని అన్నాడు. వాడకుండా బీరువాలో పెట్టడమే దీనికి చేటట. నాలుగైదేళ్లకోసారి విప్పి కడిగి నూనె వెయ్యాలి. రాత్రి తొమ్మిది దాటాక, అర్ధరాత్రి తేదీ మారే పని పూర్తయ్యేదాకా, చాబీ నొక్కి తేదీ మార్చకూడదు, పళ్లు విరుగుతాయి. నీళ్లు తట్టుకుంటుందని రాసి ఉన్నా, యాభై ఏళ్ల రబ్బరు వాషర్లను నమ్మి మానేరులో దిగితే ఖర్చు మనదే. కేసు మీది గీతలు చూసి నేనే అడిగాను, పాలిష్ కొట్టిస్తే ఎట్లుంటుందని. చాచా అద్దం తీసి నా మొహం చూశాడు. "అంచులు కరిగిపోతయ్. సబ్బు బిళ్ల అయితది. ఉండనియ్."

ఆ మీద సొరుగు లాగి ఇంకో సీకో తీశాడు. సీకో ఫైవ్. డయలు చిలకపచ్చ, అంచున నారింజ, అంకెలు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. కొత్త పెండ్లి కార్డులా మెరుస్తోంది. "బొంబాయి డయలు" అన్నాడు. ముంబైలో పాత సీకోల డయళ్లు గీకి, కంపెనీ ఎన్నడూ చేయని రంగులు వేసి, కొత్త ముళ్లు పెట్టి, పాత అసలు వాచీ అని దేశదేశాలకు అమ్మే వ్యాపారం పెద్దదే. రంగుల పాత వాచీ మీద మోజుపడ్డవాళ్లు మొదట మునిగేది ఈ చెరువులోనే. గుర్తుపట్టడం మరీ కష్టం కాదు. డయలు అడుగు అంచున సన్నటి అక్షరాల్లో ఉండే మోడల్ నంబరు వెనక మూతతో కుదరాలి. అచ్చు అక్షరాలు భూతద్దంలో కూడా పదునుగా ఉండాలి. యాభై ఏళ్ల ముల్లుమీది మెరుపుపూత పెరుగులా తెల్లగా ఉందంటే అనుమానించాలి. కేసు నిండా గీతలుండి డయలు మాత్రం నిన్న పుట్టినట్టుంటే జేబులోంచి చెయ్యి తీయకూడదు.

అయినా ఆ చిలకపచ్చ ముక్కను తిట్టడానికి నాకు మనసొప్పలేదు. ఎవరో ఒకరు కూర్చుని, గోరంత జాగాలో, చేత్తో రంగు వేశారు. పాత మిషన్ మళ్లీ నడుస్తోంది. నాలుగు వేలకు రంగుల వాచీ అని నిజం చెప్పి అమ్మితే నేనే కొంటాను. 1977 నాటి అసలు సరుకని చెప్పి నలభై వేలడిగితేనే పేచీ. ఇంట్లో పాత సీకో ఉన్నవాళ్లతో మాత్రం ఒక మాట: వెలిసిన డయలుకు రంగు వేయిస్తామని ఎవరైనా వస్తే గుమ్మం దగ్గరే ఆపండి. వెలిసిన పసుపుకు విలువ ఉంది, వేసిన పసుపుకు లేదు.

సర్వీసింగ్ అయ్యాక వాచీ తీసుకుని మామ దగ్గరికి పోయాను. ముల్లు ఇప్పుడు సరిగ్గా పన్నెండు మీద నిలబడుతోంది. మామ నొక్కి చూసి, ఆపి, మళ్లీ నొక్కాడు. ఖతర్‌లో ఉన్న కొడుకు వీడియోకాల్‌లో ఈ తతంగమంతా చూస్తున్నాడు. వాడికి ధర మీద ధ్యాస పుట్టింది. మార్పులేమీ చేయని, నడిచే పోగ్ వాచీకి బయటి దేశాల్లో అయిదారు వందల డాలర్లు పలకడం మామూలేనని చెప్పాను. రూపాయల్లో ఎంతో వాడే లెక్కగట్టి, "బాపూ, అది అల్మారిల పెట్టి తాళమెయ్యి, నేనొచ్చినంక సూద్దాం" అన్నాడు.

మామ నావైపు తిరిగాడు. "వీడు తాళమెయ్యుమంటుండు. నువ్వు కట్టుకో. వాడొచ్చినప్పుడు వాడు కట్టుకుంటడు." కొంచెం ఆగి, అసలు బాధ బయటపెట్టాడు. "ఆ సేటు దగ్గర నీలంది గూడ ఒకటుండె అల్లుడా. గింత ధర వస్తదని ఎరుకైతే రెండూ తెస్తుంటి."